చేతికి తగిన గాజు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36–42, నిర్గమకాండము 35:20–29



మన కేసముద్రములో నాట్లు ముగిసి, పత్తి యేరుటకు ఇంకను సమయమున్న దినములలో స్త్రీల కూటమువారికి మధ్యాహ్నపు వేళ కొంత తీరిక దొరకును. గడచిన సంవత్సరము అట్టి తీరికలో మేము ఒక చేతిపని నేర్చుకొన పూనుకొంటిమి. అది పాలిమర్ క్లే అను రంగురంగుల ముద్దతో గాజులు చేయుట. అమ్ముకొనుటకు కాదు, చేతులు పనిలో నుండగా మనస్సులు కలియవలెనని మాత్రమే ఆరంభించితిమి.

ఈ పాఠములో ఆ పని ఎట్లు చేయవలెనో వరుసగా చెప్పుదుము. ఆ పనిలో మేము చేసిన ఒక తప్పును కూడ దాచక చెప్పుదుము. ఏలయనగా పని మా చేతులకు నేర్పినది కొంత. తప్పు మా హృదయములకు నేర్పినది అంతకంటె ఎక్కువ.

1. గాజు పాతది, ముద్ద క్రొత్తది

మన దేశములో గాజు మిక్కిలి ప్రాచీనమైన ఆభరణము. సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారోలో దొరకిన చిన్న కంచు బొమ్మ యొక్క ఎడమచేతి నిండ గాజులే యున్నవి. రాజస్థానములో కాలీబంగన్ అను ప్రాచీన స్థలము గలదు. ఆ పేరునకు నల్లని గాజులు అని అర్థము. అచ్చటి దిబ్బలమీద కాల్చిన మట్టిగాజుల ముక్కలు విస్తారముగా పడియుండుటచేత ఆ పేరు వచ్చెను. అనగా బంగారము లేని స్త్రీ కూడ వేలయేండ్ల క్రిందటనే మట్టిని గుండ్రముగా చుట్టి, కాల్చి, తన చేతికి తొడుగుకొనెను.

మనకు సమీపముననున్న పని హైదరాబాదు లక్కగాజు. చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో ఈ గాజులు చూడనివారు మనలో అరుదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు విడుచు జిగురే లక్క. దానిని కరిగించి, తెల్లని పొడి కలిపి, రంగు పట్టించి, నిప్పులసెగను సాగదీసి, కడ్డీగా చేసి, వంచి, రెండు కొనలను అతికి, మీద అద్దపు రాళ్లు పొదుగుదురు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించెను. కావున వేరొక ముద్దతో చేసినదానిని లక్కగాజు అని చెప్పి యిచ్చుట సెగయెదుట కూర్చుండి బ్రదుకు ఆ పనివారి అన్నమును తీసికొనుటయే. మేము చేసినదానిని దాని పేరుతోనే పిలుచుదుము.

మన చుట్టునున్న తండాలలో లంబాడీ వృద్ధస్త్రీలు మోచేతి పైవరకు తెల్లని గాజులు ధరించుట మన మెరుగుదుము. అవి పూర్వము దంతముతోను ఎముకతోను చేయబడెడివి. ఇప్పుడు ప్లాస్టిక్కుతో చేయబడుచున్నవి. పదార్థము మారెను గాని గాజు నిలిచినది.

మేము పట్టుకొన్న ముద్ద కూడ క్రొత్త పదార్థమే. పేరు మట్టియైనను అది నేల మట్టి కాదు. బోరుబావికి దించు పి.వి.సి. గొట్టము మన రైతులందరికి తెలియును. ఆ పి.వి.సి. మెత్తని పొడిగా నుండి, దానిని మృదువుగా నుంచు ఒక ద్రవముతోను రంగుతోను కలిపినదే ఈ ముద్ద. 1930ల చివర జర్మనీ దేశములో కేతే క్రూజె అను బొమ్మల తయారీదారురాలికి ఇట్టి పదార్థము లభించెను. అది ఆమె బొమ్మలకు తగలేదు. ఆమె కుమార్తె దానిని విడువక చేతిపనికి వాడి, రంగులు చేర్చి వృద్ధి చేసెను. 1964లో అది ఒక పెన్సిళ్ల కంపెనీ చేతికి వెళ్లి, ఫిమో అను పేరుతో లోకమంతట వ్యాపించెను. ఒక పనికి పనికిరానిదని ప్రక్కకు పెట్టబడినది మరియొక పనికి సరిపోవుట మనము గమనింపదగినది.

2. చేయు విధము

కొలత. మొదటి పని ముద్దను పట్టుకొనుట కాదు, చేతిని చూచుట. బొటనవ్రేలిని అరచేతిలోనికి మడచినప్పుడు వ్రేళ్ల కణుపులయొద్ద చేయి ఎంత వెడల్పుగా నుండునో అదియే గాజు దాటవలసిన వాకిలి. గాజులవారు రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని చెప్పుదురు. రెండు అనునది అంగుళములు. రెండవ అంకె అంగుళములో పదునారవ వంతులు. కావున రెండు-నాలుగు అనగా లోపలి అడ్డుకొలత రెండుంబావు అంగుళములు, ఇంచుమించు 57 మిల్లీమీటర్లు. రెండు-ఆరు 60, రెండు-ఎనిమిది 63 మిల్లీమీటర్లు దాటును. కాలిన తరువాత ఈ గాజు సాగదు. చేయి చూడక చేసిన గాజు ఎంత అందమైనదైనను పెట్టెలోనే యుండును.

పిసుకుట. ముద్దను జొన్నరొట్టెల పిండివలె చక్కగా పిసుకవలెను. మడచినప్పుడు మడత అంచున పగులు కనబడనంతవరకు పిసుకవలెను. తెలుపు, పసుపు మొదలగు లేతరంగులు ముందు, ఎరుపు, నలుపు తరువాత. లేనియెడల చేతికంటిన రంగు తెలుపును చెరచును. నున్నని టైలు రాతిమీదగాని అద్దముమీదగాని పని చేయవలెను. పచ్చి ముద్ద కొన్ని ప్లాస్టిక్కు పళ్లెములను, వార్నిషు బల్లలను కరచి పాడుచేయును. కాగితములో చుట్టి యుంచినచో కాగితము దానిలోని ద్రవమును పీల్చి గట్టిపరచును. మన వైశాఖ మాసపు ఎండలో ఉంచినను పొట్లములోనే కొంత బిగిసిపోవును. చల్లనిచోట, నీడలో దాచవలెను.

చుట్టుట. గాజుసీసాతో ముద్దను మూడు మిల్లీమీటర్ల మందముగల పట్టీగా పామవలెను. చపాతీకర్ర వాడకూడదు, ఈ పనికి వాడిన యే పనిముట్టును మరల వంటయింటికి పోకూడదు. పాత అల్యూమినియము గాజుగాని ఇత్తడి గాజుగాని తీసికొని దానిమీద పట్టీని చుట్టవలెను. ప్లాస్టిక్కు గాజు వేడికి వంగును గనుక పనికిరాదు. ముద్ద లోపలివైపునకు కూడ వచ్చునట్లు చుట్టినచో వాకిలి తగ్గును. అప్పుడు ఒక కొలత పెద్దదైన గాజును ఆధారముగా తీసికొనవలెను.

అతుకు. పట్టీ యొక్క రెండు కొనలను తిన్నగా కోసి ఎదురెదురుగా ఆనించినచో అచ్చటనే విరుగును. రెంటిని ఏటవాలుగా కోసి, ఒకదానిమీద ఒకటి పరుండునట్లు చేసి, వ్రేలితో నిమిరి గీత మాయమగువరకు నొక్కవలెను. గాజు బలము దాని అందమైన భాగములో లేదు, అతుకులో నున్నది.

అలంకారము. మేము దూరపు వస్తువుల కొరకు వెదకలేదు. వేపాకును నొక్కి తీసిన దాని ఈనెలన్నియు గాజుమీద నిలిచెను. వరికంకిని దొర్లించిన చక్కని వరుస వచ్చెను. రంగులకు మన మార్కెట్టు యార్డే మాకు బడి: పసుపుకొమ్ముల రాశి, మిరప రాశి, మొక్కజొన్న రాశి చూచి ఆ రంగులు కలుపుకొంటిమి.

3. కాల్చుట

లక్క సెగకు మెత్తబడి చల్లారగా గట్టిపడును. మరల సెగ తగిలిన మరల మెత్తబడును. పాలిమర్ ముద్ద అట్లు కాదు. తగిన వేడిలో తగినంతసేపు ఉన్నయెడల దానిలోని పొడి ద్రవముతో కలిసి యేకమగును. పిమ్మట అది ముద్దగా మారదు. పొట్లముమీద వ్రాసిన వేడినే అనుసరింపవలెను. సాధారణముగా అది 110 మొదలు 130 డిగ్రీల సెంటిగ్రేడు, సుమారు అరగంట. నిప్పులమీదగాని పొయ్యిమీదగాని మైక్రోవేవులోగాని పెట్టరాదు. చిన్న విద్యుత్ ఓవెను చాలును; అయితే దాని మీటమీది అంకెను నమ్మక లోపల ఒక వేడికొలత పరికరము ఉంచుకొనవలెను. వేడి మితిమీరినచో ముద్ద నల్లబడి, కన్నులను గొంతును మండించు హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును. కిటికీలు తెరచియుంచి, పసిబిడ్డలను దూరముగా నుంచి, ఆ ఓవెనును ఈ పనికే ప్రత్యేకింపవలెను. ఓవెను తలుపు వెంటనే తెరువక లోపలనే చల్లారనియ్యవలెను. తరువాత 400, 600, 1000 అంకెల గరుకుకాగితముతో నీటిలో ముంచి రుద్దవలెను. నీటిలో రుద్దినచో ధూళి ఊపిరిలోనికి పోదు. కడకు నూలుగుడ్డతో తుడిచిన మెరయును.

మాడునేమో అను భయముచేత మేము మొదటి డజను గాజులకు వేడి తగ్గించితిమి. బయటికి తీసినప్పుడు రంగులో లోపము లేదు, నునుపులో లోపము లేదు. మేము సంతోషించితిమి. కాని మొదటి దినముననే ఒకటి బిందె అంచునకు తగిలి విరిగెను. సాయంకాలమునకు నాలుగు విరిగెను. లోపల కాలని గాజు చూపునకు కాలినదానివలెనే యుండును. తగిలిన దెబ్బ మాత్రమే నిజము చెప్పును.

2024 సెప్టెంబరు ఆరంభములో వరద వచ్చి, కేసముద్రమునకు ఇంటికన్నెకు నడుమ రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయిన దినమును మన మెవరము మరువలేదు. పట్టాలు విరుగలేదు, పైన నిలిచియే యున్నవి. క్రింద ఆధారము లేదు. ఆ పట్టాలమీద ఏ బండియు పోజాలకపోయెను. మేము విరిగిన గాజు ముక్కలను చేత పట్టుకొని ఆ దినమునే తలంచుకొంటిమి.

4. మా తప్పు

మా కూటములో ఒక పెద్దమ్మ గలదు. మార్కెట్టులో మిరపకాయల తొడిమలు తీసి జీవనము చేసినది. ఆమె భర్త ప్రభువునందు నిద్రించి పదకొండేండ్లాయెను. ముద్ద పిసుకుటలో ఆమెకు సాటి లేరు. మా అందరి ముద్దలు ఆమె చేతిలోనే మెత్తబడెడివి. అయితే గాజు తయారైన తరువాత మేమందరము తొడిగి చూచుకొనుచుండగా ఆమె లేచి పోయి పనిముట్లు కడుగుచుండెడిది. ఆమె చేతులు ఖాళీగా నుండెను.

భర్త చనిపోయిన స్త్రీ చేతి గాజులు పగులగొట్టు ఆచారము మన ప్రాంతములో ఎంత లోతైనదో చెప్పనవసరము లేదు. అది మన ప్రాంతముననే గాక పొరుగు రాష్ట్రములలోను గలదు. 2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూరు జిల్లాకు చెందిన హేర్వాడ్ గ్రామపంచాయతి ఇట్టి ఆచారములను మానవలెనని తీర్మానించెను. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వము తక్కిన గ్రామములు కూడ ఆ మార్గము ననుసరింపవలెనని కోరెను. మన సంఘము విధవరాలికి గాజు కూడదని ఎన్నడును చెప్పలేదు. అయినను ఊరి చూపు గుడి గోడయొద్ద ఆగదు. అది మనతోకూడ లోపలికి వచ్చి మన ప్రక్కన కూర్చుండును.

మేము రహస్యముగా ఆలోచించి ఆమె కొరకు ఒక జత గాజులు చేసితిమి. మిరపపండు ఎరుపు, నడుమ బంగారు గీత. కొలత ఆమెను అడుగలేదు. ఆమెవంటి చేయిగల మరియొక సహోదరి గాజునుబట్టి ఊహించితిమి. క్రిస్మసు కూడికలో అందరియెదుట ఆమెను ముందుకు పిలిచి ఆ జత చేతిలో పెట్టితిమి. చప్పట్లు కొట్టితిమి. ఆమె వాటిని కొంగున ముడివేసికొని, తల వంచుకొని, తన స్థలమునకు పోయి కూర్చుండెను.

అందరు వెళ్లిన పిమ్మట ఆమె వచ్చి ఆ జతను బల్లమీద ఉంచి యిట్లనెను: "ప్రేమతోనే తెచ్చిన్రు బిడ్డా. కాని నన్ను ఒక్క మాట అడిగిన్రా?"

మాలో ఎవరికిని ఉత్తరము లేకపోయెను. ఊరు ఆమెను అడుగక గాజులు తీసెను. మేము ఆమెను అడుగక గాజులు తెచ్చితిమి. రెండు మారులును ఆమె చేయి ఇతరుల నిర్ణయమునకే అప్పగింపబడెను. అంతేకాదు, ఆ గాజులు ఆమె చేతికి పట్టవు కూడ. మిరపకాయల పనిచేత ఆమె వ్రేళ్ల కణుపులు వాచియుండెను. ప్రతివారము ఆమె చేతులు మా ముద్ద పిసుకుచుండగా మేము ముద్దను చూచితిమి గాని చేతులను చూడలేదు.

5. యొప్పేలోని తబితా

ఇప్పుడు మన పాఠ్యభాగమునకు వత్తము. యొప్పేలో తబితా అను శిష్యురాలు మరణించినప్పుడు పేతురు వచ్చెను. మేడగదిలో విధవరాండ్రందరు ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను అతనికి చూపిరి. ఈ సంగతి మనము పలుమారులు విన్నాము. కాని ఆ వచనములో చిన్న మాట ఒకటి మేము ఇదివరకు గమనింపలేదు: తబితా వారితో కూడ ఉండినప్పుడు వాటిని కుట్టెనని అచ్చట తెలుపబడియున్నది. ఆమె దూరమునుండి పంపలేదు. వారితో నుండెను. భుజము కొలత తెలియక అంగీ కుట్టుట అసాధ్యము. ఎవరి గుడ్డ ఎక్కడ చిరిగినదో, ఎవరికి చలి ఎక్కువయో, వారితో నుండినవారికే తెలియును.

నిర్గమకాండములో గుడారపు పనికి స్త్రీలు తమ ఆభరణములు తెచ్చిరి. నేర్పుగలవారు తమ చేతులతో నూలు వడికిరి. అచ్చట మరల మరల చెప్పబడునది ఇష్టపూర్వకమైన మనస్సు. ఇచ్చువారి ఇష్టమును దేవుడు అంత లక్ష్యపెట్టినయెడల పుచ్చుకొనువారి ఇష్టమును మనము అలక్ష్యము చేయవచ్చునా?

మేము ఆ పెద్దమ్మయొద్దకు పోయి క్షమాపణ వేడుకొంటిమి. గాజుల మాట మరల ఎత్తలేదు. ఆమె యథాప్రకారము వచ్చి ముద్ద పిసుకుచుండెను. సంక్రాంతి దాటిన తరువాత ఒక మధ్యాహ్నము ఆమె తనంతట తానే, "నా కొలత ఎంతుంటది?" అని అడిగెను. బొటనవ్రేలు మడిపించి చూచితిమి. రెండు-పది. అంత పెద్ద అల్యూమినియము గాజు మాయొద్ద లేకపోగా మహబూబాబాదునుండి తెప్పించితిమి. రంగు ఆమెయే కలుపుకొనెను, నేరేడుపండు రంగు. ఎరుపు ఎందుకు వద్దని ఒకరు అడుగగా ఆమె, "ఎర్రది, పచ్చది ఊరు చూస్తది. ఇది నేను చూసుకుంట" అనెను. అలంకారము ఏమియు చేయలేదు. అతుకును మాత్రము చాలసేపు నిమిరెను.

ఆ గాజు అరగంట పూర్తిగా కాలెను. ఆమె దానిని ఆదివారమునాడు కొన్నిసార్లు తొడుగుకొనును, కొన్నిసార్లు తొడుగుకొనదు. మేము లెక్కించుట మానితిమి. మా కూటములో భర్తలేని మరి యిద్దరు సహోదరీలు గలరు. వారు ఖాళీ చేతులతోనే వచ్చుచున్నారు. అది వారి విశ్వాసములో కొరత అని ఎవరును తలంపకూడదు. గాజు తొడుగుట స్వాతంత్ర్యమైనయెడల తొడుగకుండుటయు స్వాతంత్ర్యమే. మనము చేయవలసినది ముద్దను, స్థలమును, ప్రక్కన ఆసనమును సిద్ధముగా నుంచుట.

ఎరుపు జత ఇంకను మా పెట్టెలో నున్నది. దానిని ఎవరికిని ఇయ్యలేదు, విరుగగొట్టలేదు. క్రొత్తగా పని నేర్చుకొన వచ్చినవారికి ముందుగా దానినే చూపి, చేయి చూడక చేసిన గాజు ఇది అని చెప్పుదుము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. తబితా విధవరాండ్రతో కూడ ఉండుటకును, ఆమె వారికి కుట్టిన వస్త్రములకును గల సంబంధమేమి?

2. మనము ఇతరులకు ఇచ్చువాటిలో వారి కొలతను అడిగి ఇచ్చినవి ఎన్ని? మన ఊహనుబట్టి ఇచ్చినవి ఎన్ని?

3. ఊరి ఆచారములలో దేనిని మనము సంఘములోనికి తెలియకయే వెంట తెచ్చుచున్నాము?

4. పైకి పూర్తియైనట్లు కనబడి, లోపల ఇంకను కాలని పని మన కూటములో ఏదైన గలదా?

ఈ మాసము చేయవలసిన పని: మీ సమీపముననున్న ఒక ఒంటరి సహోదరి యింటికి వట్టిచేతులతో పోయి, ఆమెతో ఒక గంట కూర్చుండుడి. ఆమె చేయుచున్న పనిలో చేయి కలుపుడి. ఏమైన చేసి యివ్వవలెనను కోరిక కలిగినయెడల మొదట ఆమెనే అడుగుడి.